డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

పాఠశాలలలో బాలబాలికలకు వారమునకొకమారు ఇచ్చు నీలిరంగు మాత్రను ఎఱుగని విద్యార్థి మనలో అరుదు. రక్తము పట్టుటకై ఇచ్చు ఆ మాత్రలో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లమను మఱియొక వస్తువు కూడ కలదు. గర్భిణీ స్త్రీలకు వైద్యులు మొట్టమొదట వ్రాయు మందులలో నదియు నొకటి. ఆ వస్తువును ప్రయోగశాలలో తయారుచేయు మార్గమును లోకమునకు చూపిన పరిశోధక బృందమునకు నాయకుడు ఒక తెలుగువాడు. ఆయన మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమారులు తప్పిన విద్యార్థి. ప్రేవుల రోగముచే సోదరులను పోగొట్టుకొని, తానును అదే రోగమునకు చిక్కి బ్రతికి బయటపడినవాడు. ఆయనయే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన కథను మన విద్యార్థులును, వారి తల్లిదండ్రులును ఎఱిగియుండుట మేలని తలచి, దానిని మాకు తెలిసినంతవఱకు ఇచట వివరించుచున్నాము.

బాల్యము

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో వీరు నాల్గవవారు. సంసారము పెద్దది, రాబడి చిన్నది. ఇంట రోగములును మరణములును తఱచుగా సంభవించుచుండెను. బాలుని మనస్సు చదువుపై నిలువలేదు. పదమూడేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి కాశికి పోయి, అచట యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని బయలుదేరిరి. తల్లి ఊరకుండునా? వెదకించి, పట్టి తెచ్చి, మరల బడిలో కూర్చుండబెట్టెను.

వెంకమ్మగారు కఠినురాలని కొందఱనుకొనవచ్చును. కాని కుమారుని చదువునకై ఆమె తన మంగళసూత్రముల బంగారమును సైతము అమ్మినదని చెప్పుకొందురు. రాజమహేంద్రవరమున చదివి మెట్రిక్యులేషన్ పరీక్షలో తప్పిన పిల్లవానిని ఆ తల్లి చెన్నపట్టణమునకు పంపెను. తిరువల్లిక్కేణిలోని హిందూ ఉన్నత పాఠశాలలో చేరి, మూడవ ప్రయత్నమున ఆయన ఉత్తీర్ణులైరి.

ఆ కాలమున మనకును గోదావరి తీరమువారికిని రాష్ట్రమొక్కటియే, రాజధాని యొక్కటియే. మన తిరుత్తణి ప్రాంతము 1960వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన చిత్తూరు జిల్లానుండి విడివడి మద్రాసు రాష్ట్రమున చేరెను. అంతకు అర్ధశతాబ్దము ముందు, భీమవరపు పిల్లవాడును మన తిరుత్తణి పిల్లవాడును అదే పట్టణమునకు చదువులకై పోవుచుండిరి. సుబ్బారావుగారు ఇంటర్మీడియట్ చదివిన ప్రెసిడెన్సీ కళాశాలలోనే, తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణగారు ఆ దశాబ్దమున తత్త్వశాస్త్రమును బోధించుచుండిరి. కావున సుబ్బారావుగారి కథ మనకు దూరదేశపు కథ కాదు.

ఆ దినములలో ఆయన మనస్సు సన్న్యాసమువైపు మొగ్గెను. రామకృష్ణ మఠమున చేరి సేవ చేయవలెనని కోరిరి. తల్లి అనుమతింపలేదు. మఠమువారును, వైద్యవిద్య నేర్చి ప్రజలకు సేవచేయుట మేలని హితవు చెప్పిరి. అట్లు ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరిరి. చదువునకు ధనము లేదు. కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును, మిత్రులును సాయపడిరి. సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారిని ఆయన వివాహమాడిరి.

అది గాంధీ మహాత్ముని పిలుపు దేశమంతట వ్యాపించుచున్న కాలము. సుబ్బారావుగారు శస్త్రచికిత్స గదిలోనికి కూడ ఖద్దరు వస్త్రములు ధరించి పోవుచుండిరి. ఆంగ్లేయుడైన ఆచార్యునకు అది రుచింపలేదు. వ్రాతపరీక్షలలో బాగుగా వ్రాసినను, ఆయనకు పూర్తి పట్టమైన ఎం.బి.బి.ఎస్. దక్కక, తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కెను. ఆ పట్టముతో ప్రభుత్వ వైద్యశాఖలో ప్రవేశము కొఱకు యత్నించి విఫలులైరి.

ఇంటిని చుట్టిన రోగము

ఆయన జీవితమును త్రిప్పినది ఉద్యోగము దొరకకపోవుట కాదు, ఒక రోగము. ఆంగ్లవైద్యులు దానిని ఉష్ణదేశపు స్ప్రూ అందురు. మన వైద్యులు వర్ణించిన గ్రహణీ రోగమునకు ఇది దగ్గఱి చుట్టము.

మన చిన్నప్రేవు లోపలితట్టు నునుపుగా నుండదు. మఖ్మలు గుడ్డపై నూగువలె సన్నని వ్రేళ్లవంటి పొడవులు అందు అసంఖ్యాకముగా నుండును. తిన్న అన్నములోని సారమును పీల్చి రక్తమున చేర్చునవి అవియే. స్ప్రూ రోగమున ఆ నూగు అణగిపోవును. అన్నము కడుపులోనికి పోవును గాని ఒంట పట్టదు. విరేచనములు మానవు. నాలుక ఎఱ్ఱబడి మండును. రక్తము పలుచబడి దేహము పాలిపోవును. సమృద్ధిగా వడ్డించిన విస్తరి యెదుటనే మనిషి ఆకలిచే క్షీణించునట్లు క్షీణించును.

సుబ్బారావుగారి సోదరులిద్దఱు ఈ రోగముచే కొలది దినముల వ్యవధిలో మరణించిరి. వైద్యవిద్య నేర్చిన సోదరుడు ఇంటనుండియు వారిని రక్షింపలేకపోయెను. ఆనాడు ప్రపంచమున ఏ వైద్యుడును రక్షింపజాలడు. ఆ తరువాత ఆ రోగము ఆయనను కూడ చాలకాలము పీడించెను. ఆంగ్లవైద్యము ఫలింపని వేళ, ఆయుర్వేద పండితులు, ఆంగ్లవైద్యమున కూడ పట్టభద్రులు నైన డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సచే ఆయన కోలుకొనిరి. పిదప లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణశాస్త్రమును బోధించు ఉపన్యాసకులుగా చేరిరి. మన ఔషధములు రోగమును కుదుర్చుట ఆయన స్వానుభవము. కాని ఏ వస్తువు కుదిర్చినది, ఎట్లు కుదిర్చినది అను ప్రశ్నలకు సమాధానము లేదు. ఆ సమాధానమును వెదకుటకే ఆయన సముద్రము దాట నిశ్చయించిరి.

అమెరికా ప్రయాణము

మామగారు ధనము కూర్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగము నాయకరు ధర్మసంస్థ సహాయము చేయుటకు మాట యిచ్చెను. 1920వ దశకపు తొలి సంవత్సరములలో సుబ్బారావుగారు అమెరికాలోని బోస్టన్ నగరమున దిగిరి. చేతిలో నున్న ధనము కొలది. హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణదేశ వైద్య విభాగమునకు అధ్యక్షులైన డాక్టరు రిచర్డు స్ట్రాంగు ఆయనకు తోడ్పడిరి. పగలు చదువు, రాత్రి ఆస్పత్రిలో కూలిపని. రోగుల మలమూత్ర పాత్రలనెత్తి శుభ్రముచేయు పనిని ఆ వైద్యపట్టభద్రుడు నామోషీ యెంచక చేసెను. బిడ్డలారా, పని చిన్నదని సిగ్గుపడువారు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

స్వదేశమున శేషగిరిగారు కనిన పసిబిడ్డ మరణించెను. తండ్రి ఆ బిడ్డ ముఖమును చూడనేలేదు. కొలది సంవత్సరములలో మరలి వత్తునని పోయిన ఆయన మరల స్వదేశమున అడుగిడలేదు. ఆమె జీవితమంతయు ఇచటనే గడచెను. ఒక గొప్ప పరిశోధన వెనుక ఒక్క పరిశోధకుని త్యాగమే యుండదు. ఇంటనున్న స్త్రీల నిశ్శబ్ద త్యాగమును అందు కలిసియుండును. వెంకమ్మగారి పేరును శేషగిరిగారి పేరును మేము ఇచట వ్రాయుట అందులకే.

హార్వర్డులో ఆయన సైరస్ ఫిస్క్ అను ఆచార్యుని ప్రయోగశాలలో చేరిరి. రక్తములోను మూత్రములోను భాస్వరము ఎంత కలదో రంగునుబట్టి కొలుచు పద్ధతిని వీరిరువురును 1925లో ప్రకటించిరి. ఫిస్క్–సుబ్బారావు పద్ధతియను పేర అది నేటికిని జీవరసాయన విద్యార్థుల పుస్తకములలో కలదు. ఆ పద్ధతి చేతనుండుటచే కండరములలోని రహస్యములు వారికి దొరకెను. కండరమునకు అత్యవసరమున శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ప్రాణులన్నిటిలో శక్తికి నాణెమువలె చెలామణియగు ఏ.టి.పి. యను పదార్థమును 1929లోను వారు వెల్లడించిరి. అదే కాలమున ఇంగ్లండున ఎగిల్టన్ దంపతులు మొదటిదానిని, జర్మనీలో లోమాను రెండవదానిని వేఱుగా కనుగొనిరి. 1930లో హార్వర్డు ఆయనకు పిహెచ్.డి. పట్టమునిచ్చెను. స్థిరమైన ఉన్నతపదవి మాత్రము ఆయనకు లభింపలేదు.

పులిసిన వస్తువులలో దాగిన ఔషధము

1940లో సుబ్బారావుగారు హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్ వద్దనున్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరిరి. రెండేండ్లలో అచటి పరిశోధనలకు దర్శకులైరి. ఇచటనే ఆయన తన యింటిని చుట్టిన రోగమునకు ఎదురు నిలిచిరి.

ఆ పోరాటము అర్థమగుటకు మనము ఒక్కమారు బొంబాయికి పోవలయును. అచటి మిల్లు కార్మిక కుటుంబములలో గర్భిణులు రక్తము పలుచబడి మరణించుట చూచి, లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు పరిశోధించెను. బీరు తయారుచేయు చోట మిగులు ఈస్టునుండి తీసిన మార్మైటు అను చవుక సారమును తినిపింపగా వారికి రక్తము పట్టెనని 1931లో ఆమె ప్రకటించెను. ఈస్టు యనగా పిండిని, రసములను పులియజేయు సూక్ష్మజీవి. పులియజేయు ఆ సూక్ష్మజీవిలో రక్తమును పుట్టించు వస్తువేదో కలదు. కార్జములోను అట్టిదే కలదు. 1941లో టెక్సాసు విశ్వవిద్యాలయమువారు నాలుగు టన్నుల పాలకూరనుండి అట్టి వస్తువును కొలదిగా తీసి, లాటిన్ భాషలో ఆకునకుగల పేరునుబట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. కాని టన్నులకొలది కూరనుండి చిటికెడు వచ్చు మందు రోగులకేమి సరిపోవును? దాని నిర్మాణమును తెలిసికొని ప్రయోగశాలలో తయారుచేయవలెను.

కంటికి కానరాని వస్తువును వెదకుటకు కొలత యొకటి కావలెను గదా! ఆ కొలతగా ఒక సూక్ష్మజీవి పనికివచ్చెను. దాని పేరు లాక్టోబాసిల్లస్ కేసీ. మన యింట పాలకు తోడువేయగా పెరుగుగా మార్చు సూక్ష్మజీవులకు అది బంధువు. పాలను పులియజేయు నీ ప్రాణి ఫోలిక్ ఆమ్లము లేనిదే పెరుగదు. కొంచెమిచ్చిన కొంచెము పెరుగును. ఎక్కువ యిచ్చిన ఎక్కువ పెరుగును. కావున ఏ రసములో ఆ వస్తువు ఎంత కలదో దాని పెరుగుదలనుబట్టి లెక్కింపవచ్చును. బంగారము తూచుటకు త్రాసు ఎట్లో, విటమిను తూచుటకు ఈ సూక్ష్మజీవి అట్లు పనికివచ్చెను. ఇట్లు కొలుచుచు, లెడర్లీ శాస్త్రజ్ఞులు కార్జమునుండియు, మఱియొక సూక్ష్మజీవిని పెంచిన పులుసు ద్రవమునుండియు ఆ వస్తువును శుద్ధముగా తీసిరి. నిర్మాణమును ఛేదించి, 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసి చూపిరి.

దాని నిర్మాణమును వివరించు వ్యాసము 1946లో వెలువడెను. అందు పదునాఱుగురి పేర్లు కలవు. దర్శకులైన సుబ్బారావుగారి పేరు మొదటిది కాదు, అక్షరక్రమమున వచ్చు ఏడవది. ఆయన స్వభావమును తెలిసికొనుటకు ఇంతకంటె వేఱు నిదర్శనమక్కఱలేదు.

ఆ సంవత్సరములలోనే వైద్యులు క్యూబా మొదలగు ద్వీపములలోని స్ప్రూ రోగులకు ఆ పసుపుపచ్చని పొడిని ఇచ్చి చూచిరి. పాలిపోయిన ముఖములకు కళ వచ్చెను. నాలుక మంట తగ్గెను. ఆకలి పుట్టెను. సోదరులు మరణించి ఇరువది యేండ్లు దాటిన పిదప, ఆ రోగమునకు మందొకటి ఆయన ప్రయోగశాలనుండి వెలువడెను.

రెండవ మందు కూడ అచటినుండియే బయలుదేరుట విశేషము. మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలములోని మట్టిలో దొరికిన సూక్ష్మజీవినుండి, సుబ్బారావుగారి శాఖలో పనిచేయుచున్న వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గరు 1945లో ఆరియోమైసిన్ అను ఔషధమును కనుగొనిరి. టెట్రాసైక్లిన్ అను ఔషధ వంశమునకు అది మూలపురుషుడు. స్ప్రూ రోగమున చిన్నప్రేవులో హానికరములైన సూక్ష్మజీవులు చేరి యుండునని పిమ్మట తెలిసెను. కావున ఫోలిక్ ఆమ్లమును టెట్రాసైక్లిన్‌ను కలిపి యిచ్చుట ఆ రోగమునకు స్థిరమైన చికిత్స యయ్యెను.

మన ప్రాంతమునకు ఈ సంగతి ఎంత దగ్గఱిదో చూడుడు. 1960వ దశకమున పూర్వపు ఉత్తర ఆర్కాటు జిల్లా గ్రామములలో ఈ స్ప్రూ రోగము మహమ్మారివలె వ్యాపింపగా, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన డాక్టరు బేకరు, డాక్టరు మాథన్ మొదలగువారు గ్రామముల వెంట తిరిగి పరిశోధనలు చేసిరి. వారి వ్యాసములు ప్రపంచమంతట వైద్యులకు ప్రమాణములైనవి. భీమవరపు ఇంటిని చుట్టిన రోగము మన పొరుగు పల్లెలను కూడ చుట్టెను. అప్పటికి మందు సిద్ధముగా నుండెను.

కడపటి దినములు

సుబ్బారావుగారి దర్శకత్వమున వెలువడిన ఔషధములు ఇంకను కలవు. బోదకాలు రోగమునకు ఇచ్చు హెట్రజాన్ అను మందు 1947లో వెలువడెను. డై ఇథైల్ కార్బమజీన్ అను పేర మన ప్రభుత్వము బోదకాలు వ్యాపించు జిల్లాలలో ఇంటింట పంచునది అదియే. ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని పనిని అడ్డగించు మందులను కూడ ఆయన బృందము తయారుచేసెను. వానిలో నొకదానితో బోస్టన్ వైద్యులు సిడ్నీ ఫార్బరు రక్తపు క్యాన్సరు గల పసిపిల్లలకు చికిత్స చేసి, రోగమును కొంతకాలము వెనుకకు త్రోయవచ్చునని 1948లో నిరూపించిరి. ఆ వంశమునకు చెందిన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో కలదు.

ఒక కోరిక మాత్రము తీరలేదు. ప్రమాదకరమైన మఱియొక రక్తహీనతకు మందును కార్జమునుండి తీయవలెనని ఆయన సంవత్సరముల తరబడి శ్రమించిరి. ఫోలిక్ ఆమ్లము ఆ రోగమునకు పూర్తి మందు కాదు; రక్తమును పెంచినను నరముల నష్టమును ఆపదు. దానికి తగిన బి12 విటమినును ఇతరులు 1948లో కనుగొనిరి. అదియు సూక్ష్మజీవులు పుట్టించు వస్తువే. ఆ సంవత్సరము ఆగస్టు నెలలో, ఏబదిమూడేండ్ల ప్రాయమున, సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూసిరి. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి అప్పటికి ఒక్క యేడాది.

ఆయనకు నోబెల్ బహుమానము రాలేదు. 1953లో ఒక బూజు జాతికి సుబ్బారోమైసిస్ అని శాస్త్రజ్ఞులు పేరిడిరి. సూక్ష్మజీవులతో జీవితమంతయు గడపిన వానికి ఒక సూక్ష్మజీవి పేరే స్మారకమగుట తగియున్నది. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వము ఆయన తపాలాబిళ్లను వెలువరించెను.

మన యిండ్లకు ఈ కథ చెప్పునది

సూక్ష్మజీవి యనిన రోగకారణమని మాత్రమే మనము తలంతుము. సుబ్బారావుగారి పరిశోధనలలో సూక్ష్మజీవి కొలతయైనది, మందును పుట్టించు వంటవాడైనది, ప్రేవులో చేరి హాని చేయు శత్రువును ఐనది. ప్రేవులలో ఏ జీవి యున్నది, ఏమి చేయుచున్నది అని అడుగుట ఆ తరము నేర్పిన పాఠము. ఆ ప్రశ్న నేడు వృద్ధులను బాధించు మఱియొక రోగము వఱకు పోయినది. అది కంపవాతము. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అను లండను వైద్యుడు దానిని వర్ణించుటచే దానికి ఆయన పేరు వచ్చినది. చేతులు వణకుట, నడక మందగించుట మనకు కనబడును. కాని మలబద్ధము ఆ వణకునకు ఎన్నో యేండ్ల ముందే మొదలగుట కలదు. దానిని పార్కిన్సన్ సైతము గుర్తించిరి.

కంపవాత రోగుల ప్రేవులలోని సూక్ష్మజీవులు ఆరోగ్యవంతుల వానికంటె భిన్నముగా నున్నవని ఫిన్లాండు పరిశోధకులు 2015లో చూపిరి. ఇటలీలో నూట యిరువదిమంది రోగులపై పరీక్ష జరిపి, మేలుచేయు సూక్ష్మజీవులను పీచుతో కలిపి పులిసిన పాలలో నాలుగు వారములు ఇచ్చినచో మలబద్ధము తగ్గుచున్నదని 2016లో ప్రకటించిరి. సుబ్బారావుగారు చదివిన హార్వర్డులోని పరిశోధకులే, ఆ రోగమునకిచ్చు లీవోడోపా మందును ప్రేవులలోని ఒక సూక్ష్మజీవి రోగికి అందక మునుపే విఱిచివేయునని 2019లో వెల్లడించిరి. కాని వణకును మాన్పునట్టి పెరుగు గాని, సూక్ష్మజీవుల మాత్ర గాని ఇంతవఱకు లేదు. మేలు కలుగునది మలబద్ధము విషయముననే.

కావున ఇంట కంపవాతము గల తాతగారో అమ్మమ్మగారో ఉన్నవారికి కొన్ని మాటలు. పెరుగు, మజ్జిగ, పులిసిన రాగి అంబలి, రాత్రి నీటిలో నానిన చద్దియన్నము మన పూర్వులెఱిగిన పులిసిన ఆహారములు. వానిని శుభ్రమైన పాత్రలో, ఆ దినమునకు తగినంతయే సిద్ధపఱుపవలెను. ఇడ్లీ పిండి పులియునపుడు అందు సూక్ష్మజీవులు పెరుగును గాని ఆవిరిపై ఉడికినపుడు చచ్చును. ఇడ్లీ తేలికగా జీర్ణమగు మంచి ఆహారమే. పెరుగు చేయు పని మాత్రము అది చేయదు. ఉప్పు, నూనె, కారములలో ఊరిన ఆవకాయను ఈ జాబితాలో చేర్చరాదు. పులిసిన ఆహారముతోపాటు ఆకుకూరలు, పండ్లు, తగినంత నీరు, చేతనైనంత నడక కావలెను.

లీవోడోపా పుచ్చుకొనువారు మఱియొక జాగ్రత్త వహింపవలెను. పెరుగు, పప్పు, మాంసము మొదలగు వానిలోని మాంసకృత్తులు ఆ మందుతో పోటీపడి, అది రక్తమున చేరుటను తగ్గింపవచ్చును. ఇనుము మాత్రయు అట్లే అడ్డుపడును. అందుచే మందునకును భోజనమునకును నడుమ ఎంత వ్యవధి యుండవలెనో వైద్యుని అడిగి తెలిసికొనవలెను. మ్రింగుట కష్టమైనవారికి పలుచని మజ్జిగ పొలమారు ప్రమాదము కలదు. ఏది చిక్కగా నీయవలెనో ఆయననే అడుగవలెను. దేహబలము మిక్కిలి తగ్గినవారు సూక్ష్మజీవుల మాత్రలను తమంతట కొని మ్రింగరాదు. పెరుగును నమ్మి మందు మానుట అన్నిటికంటె పెద్ద ప్రమాదము.

సుబ్బారావుగారు మన ఔషధములను, మన ఆహారమును తిరస్కరించినవారు కారు. గ్రుడ్డిగా నమ్మినవారును కారు. ఆయుర్వేదము తన్ను బ్రతికించినందుకు కృతజ్ఞులై, అందలి రహస్యమును కొలిచి చూడవలెనని పోయినవారు. పాలను పులియజేయు ప్రాణిని త్రాసుగా చేసికొని తన యింటి రోగమునకు మందును వెదకిన బృందమును నడపినవారు. మన వంటింటి కుండలోను ఇంకను తెలియని విషయములనేకము కలవు. వానిని కొలిచి చూచు విద్యార్థి మన పల్లెలనుండియు బయలుదేరవలెను.

రెండు రాష్ట్రముల సరిహద్దున, తెలుగు చదువుచున్న మన పిల్లలు తమ చదువు తమ్మెచటికి కొనిపోవునోయని దిగులుపడుట కలదు. పరీక్ష తప్పినవారు మరింత కుంగుదురు. మూడవమారు కూర్చుండి నెగ్గిన భీమవరపు బాలుని పని నేడు మన చేతిలోని నీలిమాత్రలో నున్నది. తల్లిదండ్రులారా, తప్పిన పిల్లవానిని వెంకమ్మగారివలె మరల బడికి పంపుడు. విద్యార్థులారా, మరల కూర్చుండి చదువుడు.